వాడ మోరీ నీళ్లను చెరువులో కలవకముందే శుభ్రం చేసుకోవడం ఎలా?

వానకాలానికి ముందు ఒకసారి, బతుకమ్మ పండుగకు ముందు ఇంకోసారి, ప్రతి ఏడాదీ ఒకే ప్రశ్న వస్తుంటుంది: "మా వాడ మోరీ నేరుగా చెరువులో పడుతున్నది, దానికి మేమే ఏమైనా చేసుకోవచ్చా?" చేసుకోవచ్చు. ఇరవై, ముప్పై ఇళ్ల వాడకు కరెంటు, మోటార్లు అక్కరలేని ఒక పద్ధతి ఉంది. మోరీ నీళ్లను ముందు ఒక తొట్టిలో నిలిపి మడ్డిని కిందికి దించి, ఆ తేట నీళ్లను కంకర నింపిన మడిలోకి వదిలి, కంకరలో వేళ్లు దన్నిన మొక్కల గుండా మెల్లగా నడిపించి, మూడు రోజుల తర్వాత చెరువు వైపు విడిచిపెట్టడమే ఆ పద్ధతి. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ పంటల పరిశోధన సంస్థ కూడా పల్లెల మురుగు నీటికి ఇలాంటి మడుల మీద పని చేసింది. ఇంజినీర్లు దీనిని నిర్మిత చిత్తడి అంటారు. ఇక్కడ నేను కంకర మడి అనే రాస్తాను.

మన వైపు చెరువులు గొలుసుకట్టు చెరువులు. ఒక ఊరి మత్తడి దూకిన నీళ్లే కింది ఊరి చెరువును నింపుతాయి కాబట్టి, మన మోరీ మన ఊరితో ఆగిపోదు. మురుగు ఎక్కువైన చెరువులో తెల్లవారుజామున చేపలు నీటి పైకి వచ్చి నోళ్లు తెరుస్తాయి. రాత్రంతా నీటిలోని ప్రాణవాయువు ఖర్చయిపోవడమే దానికి కారణం. అంతకు మించి సిద్ధాంతం ఇక్కడ అవసరం లేదు, పనిలోకి పోదాం.

మొదట తేల్చుకోవలసినవి

మీది చెలక నేల, దుబ్బ నేల అయి, ఇంటి వెనక కొంచెం జాగా ఉంటే, ఇంటింటికీ ఇంకుడు గుంత తవ్వుకోవడమే సులభం. అడుగు లోతు గుంత తీసి, దానిని రెండు సార్లు నీళ్లతో నింపి ఇంకనిచ్చి, మూడోసారి నింపినప్పుడు ఎంతసేపట్లో ఇంకుతుందో చూడండి. గంట, గంటన్నరలో ఇంకిపోతే ఇంకుడు గుంత పని చేస్తుంది. నల్లరేగడిలో ఆ నీళ్లు మరుసటి రోజు పొద్దున కూడా అలాగే నిలబడి ఉంటాయి. అలాంటి చోట ఎంత పెద్ద గుంత తవ్వినా అది దోమల గుంతే అవుతుంది. కంకర మడి ముఖ్యంగా అలాంటి నేలల కోసం, ఇరుకు వాడల కోసం.

రెండో సంగతి ఇంకా ముఖ్యమైనది. ఈ పద్ధతి స్నానాల నీళ్లకు, బట్టలు ఉతికిన నీళ్లకు, గిన్నెలు తోమిన నీళ్లకు మాత్రమే. మరుగుదొడ్డి నీళ్లు మోరీలో కలుస్తుంటే ముందు వాటిని ఆపాలి. నేరుగా కలిపిన పైపును పట్టుకోవడానికి గునుగు పూలకు అద్దే రంగును బకెట్ నీళ్లలో కలిపి మరుగుదొడ్డిలో పోయండి. కొన్ని నిమిషాలకే మోరీలో ఆ రంగు కనిపిస్తుంది. సెప్టిక్ ట్యాంకు నుంచి పొర్లే పైపును మాత్రం ఈ రంగు పట్టించదు, ఎందుకంటే ట్యాంకులో ఉన్న నీళ్లలో అది కలిసి పలచబడిపోతుంది. దానికి వాడంతా నడిచి, గోడల అడుగున మోరీలోకి తెరుచుకున్న నాలుగు అంగుళాల పైపులను కళ్లతో చూడవలసిందే. అలాంటి ఇంటివాళ్లతో గొడవ పెట్టుకోకుండా, ట్యాంకు పక్కన ఇంకుడు గుంత కట్టించే ఏర్పాటును పంచాయతీ పనితో పాటే కలిపి చేయించండి.

కావలసినవి

ఈ లెక్క 25 ఇళ్లకు, అంటే సుమారు 100 మందికి వేసింది. మీ వాడకు తగినట్టు పెంచుకోండి, తగ్గించుకోండి.

- మోరీ చివర, చెరువు ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీళ్లు నిలిచే మట్టం) హద్దుకు పైన, శిఖం (చెరువు నీళ్లు నిలిచే) భూమి కాని చోట, తొట్టికీ మడులకూ కలిపి ఒక గుంటన్నర జాగా. తాగునీటి బోరుకు, చేతి పంపుకు కనీసం 30 మీటర్ల దూరం ఉండాలి.
- 20 ఎంఎం కంకర 60 నుంచి 65 ఘనపు మీటర్లు. ట్రాక్టరు ట్రాలీకి 100 ఘనపుటడుగుల చొప్పున లెక్కేస్తే 22 ట్రిప్పులు అవుతుంది. ఇందులో రెండు మూడు ట్రిప్పులు పిడికిలంత రాళ్లుగా తెప్పించండి.
- అడుగున పరచడానికి మందపాటి ప్లాస్టిక్ షీటు, 13 మీటర్లకు 8 మీటర్లు, రెండు. పంట కుంటలకు వాడే షీటు సరిపోతుంది. షీటు దొరకకపోతే ఒండ్రుమట్టి గానీ జిగట రేగడి గానీ.
- నాలుగు అంగుళాల పీవీసీ పైపులు, ఎల్బోలు (మలుపు ముక్కలు), టీలు (మూడు మూతుల ముక్కలు), రెండు వాల్వులు.
- తొట్టికి ఇటుక, సిమెంటు, ఇసుక, పైన కప్పడానికి తీసి పెట్టగలిగే సిమెంటు బిళ్లలు.
- మెట్ట తామర (కన్నా పూల మొక్క) పిలకలు 400.
- గ్రామ పంచాయతీ తీర్మానం. ఇది లేకుండా తట్టెడు మట్టి కూడా తీయవద్దు. జాగా మీద రేపు తగాదా వస్తే ముందు మూతపడేది మడే.

పని క్రమం

1. నీళ్లను కొలవండి. మిషన్ భగీరథ పల్లెల్లో మనిషికి రోజుకు 100 లీటర్ల లెక్కన రూపొందించిన పథకం. అందులో మోరీకి చేరేది వాడను బట్టి మారుతుంది. మోరీ చివర చిన్న అడ్డుకట్ట వేసి, పైపు ముక్క పెట్టి, 20 లీటర్ల బకెట్ ఎంతసేపట్లో నిండుతుందో గంట గంటకూ రాసుకోండి. 80 సెకన్లలో నిండితే గంటకు 900 లీటర్లు వస్తున్నట్టు లెక్క. నల్లా వచ్చే రోజున తప్పకుండా కొలవాలి, ఎందుకంటే తిప్పే పిడి లేని నల్లాల నుంచి మంచినీళ్లే మోరీ పాలవుతుంటాయి. ఆ నీళ్లు మడిలోకి వస్తే మురుగు నిలవవలసినంత సేపు నిలవకుండా తోసుకుపోతుంది. మడి పెద్దది చేయడం కంటే నల్లాలకు పిడులు పెట్టించడం చాలా చవక. మనిషికి 60 లీటర్ల చొప్పున 100 మందికి రోజుకు 6,000 లీటర్లు అనుకొని మిగతా లెక్క చెబుతాను.

2. వాన నీళ్లకు వేరే దారి చూపండి. మన మోరీలు మురుగుకూ వానకూ ఒక్కటే. తొట్టి ముందర మోరీకి అడ్డంగా జానెడు ఎత్తు కట్ట కట్టి, ఆ కట్ట అడుగు నుంచి నాలుగు అంగుళాల పైపు ఒక్కటే తొట్టిలోకి పోనివ్వండి. మామూలు రోజున నీళ్లన్నీ పైపులోనే పోతాయి. వాన కురిసిన రోజున మిగిలినవి కట్ట మీదుగా పాత మోరీలోకి దూకుతాయి. దీనిని మరిచి కట్టిన తొట్టి మొదటి పెద్ద వానకే అడుగు మడ్డినంతా లేపి మడిలో పోసుకుంటుంది.

3. జాలీ పెట్టండి. ఇనుప కడ్డీలను వేలెడు సందుతో, వాలుగా బిగించండి. షాంపూ ప్యాకెట్లు, గుడ్డ పేలికలు, కొబ్బరి పీచు ఇక్కడే ఆగాలి. జాలీ ముందర మూడు నాలుగు అడుగుల పొడవున మోరీని కొద్దిగా లోతు చేస్తే ఇసుక కూడా అక్కడే దిగుతుంది. పంచాయతీ కార్మికులు రోజూ పొద్దున గోకుడు కర్రతో దీనిని తీయాలి. వాళ్లకు చేతి తొడుగులు, బూట్లు ఇవ్వడం మన బాధ్యత.

4. మడ్డి తొట్టి కట్టండి. ఈ పనిలో అందరి కళ్లూ మొక్కల మీదే ఉంటాయి గానీ, మడి పదేళ్లు బతకాలా, ఏడాదికే మూసుకుపోవాలా అన్నది తేల్చేది ఈ తొట్టి.

లోపలి కొలత 3 మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటరు వెడల్పు, నీటి లోతు ఒకటిన్నర మీటరు. ఇందులో 6,750 లీటర్లు పడతాయి, అంటే ఒక రోజు నీళ్లకు మించి. మధ్యలో అడ్డగోడ కట్టి, నీటి మట్టానికి సగం లోతున రెండు కంతలు వదలండి. నీళ్లు లోపలికి వచ్చే చోటా బయటికి పోయే చోటా టీ బిగించి, దాని కింది కాలు నీటిలో రెండడుగులు మునిగేలా పెట్టండి. పైన తేలే నూనె, సబ్బు తెట్టు టీ వెలుపలే ఆగిపోతుంది, అడుగున ఉన్న మడ్డి కదలదు, నడుమ ఉన్న తేట మాత్రమే ముందుకు పోతుంది. టీ పెట్టకుండా గోడకు తిన్నగా పైపు వదలడం మేస్త్రీలు తరచుగా చేసే పొరపాటు, దగ్గర నిలబడి చూసుకోండి.

నల్లరేగడి ఎండకు బీటలు వారుతుంది, వానకు ఉబ్బుతుంది. తొట్టి కింద ఆ మట్టిని అడుగు లోతు తీసేసి మొరం నింపి, తడిపి, దిమ్మిస కొట్టాలి. లేకుంటే రెండో ఎండాకాలానికే గోడ పగులుతుంది.

5. మడులు తవ్వండి, ఒకటి కాదు, రెండు. మనిషికి ఒక చదరపు మీటరు లెక్కన 100 చదరపు మీటర్లు కావాలి. దీనిని పక్క పక్కన రెండు మడులుగా, ఒక్కొక్కటి 10 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పుతో తవ్వండి. నీళ్లు వచ్చే వైపు కంకర లోతు 60 సెంటీమీటర్లు, పోయే వైపు 70. అంటే అడుగు వాలు 10 మీటర్లకు 10 సెంటీమీటర్లు. కంకర పైన గట్టు ఇంకో 20 సెంటీమీటర్లు ఎత్తుండాలి. అడుగుకే వాలు, పై ముఖం మాత్రం లెవల్ పైపు పెట్టి సమానంగా చేయాలి.

కాలువలా సన్నగా, పొడుగ్గా తవ్వితే బాగుంటుందని చాలామంది అనుకుంటారు. మా వాడలో మొదటిసారి మేమూ అదే చేశాం. పరకాల వైపు ఉన్న మా ఊరిలో రోడ్డు పక్కన రెండు మీటర్ల వెడల్పు జాగానే దొరికిందని, పొడవు పెంచి సరిపెట్టాం. ఎనిమిది నెలలకు ముందు భాగం మూసుకుపోయింది. పార పెట్టి కంకర తీసి చూస్తే, మొదటి రెండు మీటర్ల దాకా రాళ్ల నడుమ మాడిన గంజిలాంటి నల్లటి జిగురు పట్టి ఉన్నది. దాని తర్వాత కంకర కొన్న రోజున ఎంత తెల్లగా ఉన్నదో అంతే తెల్లగా ఉన్నది. మురుగంతా ఆ సన్న మూతి మీదే పడింది, వెనక ఉన్న మడి అంతా వృథాగా పడి ఉన్నది. మూతి వెడల్పుగా ఉంటే ఆ భారం పంచుకుపోతుంది. రెండు మడులుంటే ఒకదానిని ఎండబెట్టి, రెండోదానితో నడుపుకోవచ్చు.

6. అడుగు కారకుండా చేయండి. రాళ్లు, వేళ్లు ఏరివేసి, రెండు అంగుళాల మెత్తటి మట్టి పరిచి, దాని మీద షీటు వేయండి. అంచులను గట్టు మీద పూడ్చండి. పైపులు షీటును దాటే చోట మెడ కట్టినట్టు బిగించి అతికించాలి. కారేది ఎక్కువగా అక్కడే. షీటు బదులు రేగడి వాడితే అడుగు మందాన, మూడు పొరలుగా, పొర పొరకూ తడిపి దిమ్మిస కొట్టండి. మట్టి అడుగుతో చేసిన మడిని ఎండనివ్వరాదు, ఎండితే బీటలు వస్తాయి. మడికి విశ్రాంతి ఇవ్వవలసినప్పుడు కూడా అడుగున జానెడు నీళ్లు ఉంచాలి.

కంకర పోయకముందే పరీక్షించండి. మడిలో అడుగు లోతు నీళ్లు పోసి గుర్తు పెట్టి, పక్కనే ఒక బకెట్‌లో నీళ్లు పోసి దానికీ గుర్తు పెట్టండి. మరుసటి రోజుకు రెండింట్లో ఒకే తీరుగా తగ్గితే అది ఎండకు ఆవిరైనది. మడిలో ఎక్కువ తగ్గితే కారుతున్నట్టే. కంకర పోసిన తర్వాత కంత వెతకడం ఎవరి వల్లా కాదు.

7. కంకర కడగండి. క్వారీ నుంచి వచ్చిన కంకరకు డస్టు అంటుకొని ఉంటుంది. గుప్పెడు కంకరను సీసాలో వేసి నీళ్లు పోసి ఊపి చూడండి. నీళ్లు పాలలా మారితే ఆ ట్రిప్పును కడగకుండా మడిలో పోయవద్దు. కడగకపోతే ఆ డస్టు అంతా అడుగున బురదగా పేరుకుంటుంది. నీళ్లు వచ్చే వైపూ పోయే వైపూ అర మీటరు మందాన పిడికిలంత రాళ్లు, నడుమ అంతా 20 ఎంఎం కంకర. ట్రాక్టరును షీటు మీదికి ఎక్కించకండి, గట్టు మీద దింపి తట్టలతో మోయించండి. సున్నపురాయి ముక్కలు, మొరం, ఇటుక పెళ్లలు కంకరకు బదులు కావు.

8. పైపులు బిగించండి. తొట్టి నుంచి వచ్చే పైపును రెండుగా చీల్చి, ఒక్కో మడికి ఒక వాల్వు పెట్టండి. మడి వెడల్పంతా అడ్డంగా పడుకోబెట్టిన పైపుకు జానెడు దూరానికి ఒక కంత చొప్పున వేసి, దానిని పిడికిలంత రాళ్లలో దాచండి. బయటికి పోయే వైపు అలాంటిదే ఇంకో పైపు అడుగున ఉండాలి; దాని చివర గట్టు అవతల చిన్న గదిలో తిప్పగలిగే ఎల్బో, నిలువు పైపు ముక్క బిగించండి. ఆ ముక్క నిటారుగా ఉంటే మడిలో నీళ్లు పైకి లేస్తాయి, పక్కకు వంచితే దిగుతాయి. దీనితోనే నీటి మట్టాన్ని కంకర ముఖానికి 10 సెంటీమీటర్ల కింద నిలపాలి. నీళ్లు పైకి కనిపించకపోతే దోమ గుడ్లు పెట్టదు, వాసన రాదు, పిల్లలు గానీ పశువులు గానీ మురుగును తాకరు. ఈ ఎల్బోను జిగురుతో అతికించేస్తే మట్టాన్ని మార్చే దారి పోతుంది.

9. మొక్కలు నాటండి. తొలకరి తర్వాత, జూన్ చివర నాటితే బాగా పడతాయి. చదరపు మీటరుకు నాలుగు పిలకలు, వేళ్లు నీటిని అందుకునేలా నాటండి. మొదటి నెల నీటి మట్టాన్ని కంకర ముఖం దాకా పెంచి, వేళ్లు దిగిన కొద్దీ మెల్లగా తగ్గించండి. మెట్ట తామర దొరకకపోతే చెరువు గట్టున దొరికే జమ్ము కూడా పనికివస్తుంది, కాని దాని దూది గింజ గాలికి ఎగిరి చెరువంతా పాకుతుంది కాబట్టి కంకులు పూర్తిగా పండకముందే కోయాలి. గుర్రపు డెక్కను ఎట్టి పరిస్థితిలోనూ తేవద్దు. గట్టు మీద చెట్లు కూడా పెంచవద్దు, వేళ్లు షీటును చీలుస్తాయి.

10. మెల్లగా మొదలుపెట్టండి. మొదటి రెండు వారాలు వాల్వులను సగమే తెరిచి, మిగిలిన నీళ్లను పాత దారిలో పోనివ్వండి. రాళ్లకు సూక్ష్మజీవుల పొర పట్టాలి, వేళ్లు కుదురుకోవాలి. బయటికి వచ్చే నీటి నిజమైన గుణం మూడు నెలలకు గానీ తెలియదు. అంతకుముందే పని చేయడం లేదని నిరాశపడి మడిని తవ్విపోసిన వాళ్లున్నారు.

పని చేస్తున్నదని తెలుసుకోవడం

రెండు తెల్ల గాజు సీసాలు తీసుకొని, ఒకదానిలో తొట్టిలోకి వచ్చే నీళ్లు, రెండోదానిలో మడి నుంచి వచ్చే నీళ్లు పట్టండి. వెనక దినపత్రిక పెడితే రెండో సీసా గుండా అక్షరాలు చదవగలగాలి. ఆ తర్వాత ఆ సీసాను మూత బిగించి ఐదు రోజులు చీకటి మూలన ఉంచి తెరవండి. కుళ్లిన గుడ్డు వాసన వచ్చినా, నీళ్లు నల్లబడినా, మురుగు ఇంకా మిగిలే ఉన్నదని అర్థం. కంటికి తేటగా ఉన్న నీళ్లు కూడా ఈ పరీక్షలో తప్పుతాయి.

ఏడాదికి రెండు సార్లు, ఎండాకాలంలో ఒకసారి, వానలు వెలిసిన తర్వాత ఒకసారి, గుర్తింపు ఉన్న ప్రయోగశాలకు నమూనా పంపండి. మంచుగడ్డల పెట్టెలో పెట్టి అదే రోజు చేర్చాలి. చెరువులు, వాగుల్లోకి వదిలే నీటికి పర్యావరణ పరిరక్షణ నిబంధనల సాధారణ హద్దు బీఓడీ (నీటిలోని మురుగు కుళ్లేటప్పుడు పీల్చుకునే ప్రాణవాయువు) లీటరుకు 30 మిల్లీగ్రాములు, తేలే ఘనపదార్థాలు 100 మిల్లీగ్రాములు. మీ అంకెలు వీటికి లోపల ఉండాలి.

తొట్టిలో మడ్డి ఎంత చేరిందో మూడు నెలలకోసారి చూడండి. పొడుగాటి కర్రకు తెల్ల గుడ్డ చుట్టి, అడుగు తాకేదాకా నిలువుగా దించి, కొన్ని నిమిషాలు ఆగి మెల్లగా తీస్తే, మడ్డి ఉన్నంత మేర గుడ్డ నల్లగా ఉంటుంది. నీటి లోతులో మూడో వంతుకు చేరితే తీయించవలసిందే. ట్యాంకరును పిలిచి పైపుతోనే తోడించండి. ఎవరినీ, ఒక్క నిమిషానికైనా, తొట్టిలోకి దించవద్దు. మూత తీసిన తొట్టిలో కూడా విషవాయువు ఉంటుంది, దిగినవాడిని కాపాడబోయి రెండోవాడు పోయిన ఇళ్లు ఉన్నాయి. తీసిన మడ్డిని వాగులోనో పొలం గట్టునో పోయకుండా చూడటం కూడా మన పనే. గ్రేటర్ వరంగల్ నగరపాలక సంస్థ 2016లోనే మలవ్యర్థాల నిర్వహణకు నిబంధనలు తెచ్చింది. దగ్గరి పట్టణంలో శుద్ధి కేంద్రం ఉంటే ట్యాంకరు అక్కడికే పోవాలని ముందే మాట్లాడుకోండి.

తరచుగా వచ్చే తేడాలు

కంకర పైకి నీళ్లు ఉబికితే ముందు ఎల్బో చూడండి, చాలాసార్లు పిల్లలు ఆడుకుంటూ తిప్పి ఉంటారు. ఎల్బో సరిగా ఉండి, నీళ్లు వచ్చే వైపు మాత్రమే ఉబికితే మూతి మూసుకుంటున్నట్టు. ఆ మడి వాల్వు మూసి, నీళ్లు దించి, ఎండాకాలంలో రెండు మూడు వారాలు ఆరనిస్తే రాళ్ల జిగురు ఎండి పొడి అవుతుంది. అప్పటికీ విడవకపోతే ముందు మీటరు మేర కంకర తీసి కడిగి మళ్లీ పోయాలి.

దుర్వాసన తొట్టి దగ్గర వస్తే బిళ్లల సందులు మూయండి. మడి దగ్గర వస్తే ఎక్కడో మరుగుదొడ్డి కొత్తగా కలిసిందేమో వెతకండి. బయటి నీళ్ల మీద నూనె పొర కనిపిస్తే వాడలో టిఫిన్ సెంటరు గానీ ఫంక్షన్ హాలు గానీ మోరీలో కలిసి ఉంటుంది. అలాంటి వాటికి వాళ్ల గడప దగ్గరే నూనె ఆగే చిన్న తొట్టి ఉండాలి. చికెన్ సెంటర్ నెత్తురు నీళ్లను, పశువుల కొట్టం కడిగిన నీళ్లను ఈ మడి మోయలేదు, వాటిని చేర్చుకోకండి.

ఆకులు పసుపు బారి ఒక పక్క మాత్రమే వాడిపోతుంటే నీళ్లు ఆ పక్కకు అందడం లేదు. అడ్డం పైపు ఒరిగిందా, కంతలు మూసుకున్నాయా చూడండి.

బయటికి వచ్చిన నీళ్లు కొబ్బరి చెట్లకు, నర్సరీకి, పూల చెట్లకు పనికివస్తాయి. పచ్చిగా తినే కొత్తిమీర, కీర, ఉల్లాకు వంటి వాటికి పెట్టవద్దు, ఎందుకంటే కంకర మడి మురుగును తగ్గిస్తుంది గానీ రోగక్రిములను పూర్తిగా చంపదు.

మెట్ట తామరను ఏడాదికి రెండు మూడు సార్లు, పూత అయిపోయిన కాడలను కంకరకు జానెడు పైకి కోసి బయటికి మోయించండి. కోసిన ఆకును మడి మీదే వదిలేస్తే అది కుళ్లి, మొక్క పీల్చిన సత్తువంతా తిరిగి నీళ్లలోనే కలుస్తుంది. రెండు మడులనూ ఒకే రోజు కోయకుండా, మొదటిది చిగురించిన తర్వాత రెండోదానికి కొడవలి పెట్టండి.